తవత్తు తోక

జూలై 8, సోమవారం

మిషను వచ్చేసింది, మా అమ్మాయి స్నేహలత మిషను షెడ్డులో దిగిపోయింది, దేవునికి స్తోత్రం, వెయ్యి స్తోత్రాలు.

పొద్దుటినుంచి ఎవరికైనా చెప్పాలని నోరు ఆగటం లేదు. పాలబ్బాయికి చెప్పాను. ఎదురింటి టైలరుకి చెప్పాను. మా ఆవిడ దానమ్మ కోప్పడింది. అది పని చేసి చూపించాక చెప్పుకుందురు గానీ, ఇప్పుడే తెనాలంతా టముకు వెయ్యమాకండి అంది. అందుకని ఇందులో రాసుకుంటున్నా.

మిషను మంచమంత ఉంది. మంచం మీద అడ్డంగా వంతెన లాంటిది. ఆ వంతెనకి వేలాడుతూ గిర్రున తిరిగే మొన, దాన్ని బిట్టు అంటారు. అమ్మాయి కంప్యూటర్లో బొమ్మ గీస్తే ఆ బిట్టు వచ్చి చెక్కలో అదే బొమ్మ తొలిచేస్తుంది. సీఎన్‌సీ రూటరు దాని పేరు. బాపట్ల నుంచి ఫహీం అనే అతను చిన్న ట్రక్కులో తెచ్చి బిగించాడు. వెళ్తూ వెళ్తూ, బాబాయ్ గారూ, ఇంక మీరు కుర్చీలో కూర్చుని కాఫీ తాగటమే పని అన్నాడు. నవ్వాను. నేను కుర్చీలో కూర్చునే రకమా.

మొదటి పనే పెద్ద పని. రేపల్లెలో కొత్తగా కట్టిన చర్చికి, పాస్టరు అయ్యగారు నిలబడి వాక్యం చెప్పే పుల్పిట్టు. ఆగస్టు 25 ప్రతిష్ఠ. పోయిన నెల సంఘ పెద్ద పౌలు గారు మా ఇంటికొచ్చి అడిగారు. జంపని చర్చిలో ప్రభువు బల్ల ముందు కమ్మీ మీద నేను చెక్కిన ద్రాక్షతీగ చూసి వచ్చారట. అమ్మాయి నోరు తెరిచేలోగా నేనే అనేశాను, "నా చేత్తో చెక్కి ఇస్తానండి" అని.

అమ్మాయి నా వైపు చూసింది. విజయవాడలో ఇంటీరియర్ కంపెనీ ఉద్యోగం మానుకుని వచ్చి ఈ షెడ్డు పెట్టింది. ఇది సరిగ్గా వస్తే షెడ్డు నిలబడుతుంది నాన్నా, రాకపోతే తాళం వేసి మళ్ళీ ఆ ఉద్యోగానికే అంది. నవ్వుతూనే అంది. కానీ క్యాలెండర్లో 25 చుట్టూ గుండ్రం చుట్టింది.

నిలబడుతుంది. ఎందుకు నిలబడదు.

జూలై 10

కరెంటు లేదు. మిషను మీద దుప్పటి కప్పాం.

జూలై 13, శనివారం

ఇవాళ నాకొచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు.

పనికిరాని చెక్క మీద తీగ చెక్కించి చూద్దామన్నాను. అమ్మాయి లోతు ఎంత నాన్నా అంది. మూడు అన్నాను. మిషను గుర్రుమని నానా హడావిడి చేసి దుమ్ము లేపి ఆగింది. చూస్తే ఏముంది, పిల్లి గీరినట్టుంది. ఆకులు లేవు, కాయలు లేవు, మేకుతో గీసిన గీతలు. ఇంత ఇనప మంచం తెచ్చుకుని గోటితో చేసే పని చేయించుకుంటున్నామా అన్నాను. బాపట్లకి ఫోను కొట్టు, వచ్చి తీసుకుపొమ్మను అన్నాను. ఇంకా చాలా అన్నాను.

అమ్మాయి కాసేపు ఆలోచించి, "నాన్నా, మూడంటే ఏం మూడు?" అంది.

మూడంటే మూడే. మూడు నూళ్ళు. అంగుళానికి ఎనిమిది నూళ్ళు, ఆ లెక్కన మూడు. నా చిన్నప్పటినుంచీ అదే లెక్క.

తల పట్టుకుంది. అది మూడు మిల్లీమీటర్లు కొట్టిందట. నూలంటే కంప్యూటరు చీరలనుకుంటుంది నాన్నా అని పడీ పడీ నవ్వింది. దానమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను కానీ కాసేపటి తర్వాత. నోటితో చెప్పిన మాట అర్థం చేసుకోలేనిది ఏం మిషను.

ఈ పెన్ను బాగా రాయటం లేదు. ముక్కు వంకర. కొత్తది తెప్పించాలి.

జూలై 19, శుక్రవారం

తీగ వచ్చింది! టేకు మీద. ఆహా, ఏం చెప్పను. ఒక్కొక్క గుత్తి చేత్తో కోసుకుని నోట్లో వేసుకోవచ్చు. అమ్మాయి నుదుటి మీద పొట్టు, కనుబొమల్లో పొట్టు, కానీ మొహం వెలిగిపోతోంది. ఇంత సంతోషం దాని మొహంలో పెళ్ళినాడు కూడా చూడలేదు. (అల్లుడు కిరణ్ కుమార్‌తో ఈ మాట అనకూడదు.)

పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టల మీద పొట్టు పడుతోందని గొడవ. అది వేరే.

చివర్లో ఉలి పెడితే కానీ పని అనిపించుకోదు అని నా చిన్న ఉలి తీశాను. వద్దులే నాన్నా, బాగానే ఉంది కదా అంది. ఒక్క ఆకుకి ఈనె తేలుద్దామని పెట్టాను. జారింది. ఆకు అంచు ఎగిరిపోయింది. టేకులో ముడి ఉంది అక్కడ. బయటికి కనపడని ముడి. నా చేతికి తెలిసింది.

అమ్మాయి పొట్టూ బంకా కలిపి అంచు పూడ్చేసింది.

ముడే.

జూలై 22, సోమవారం

అన్న చిన్నయ్య వచ్చాడు కొలకలూరు నుంచి. షెడ్డు చుట్టూ తిరిగి చూశాడు. ఉలి పట్టటం నేర్చింది అన్న దగ్గరే కదా, ఆయనకి ఏదైనా నచ్చాలంటే కష్టం. "ఏరా, చెక్క పనికి కూడా రైసుమిల్లు పెట్టావా? నీ ఉలులన్నీ దానమ్మకిచ్చెయ్, కొబ్బరి తీసుకుంటుంది" అన్నాడు. నీ కూతురు చెక్క చెక్కుతుంటే నువ్వు పొట్టు ఊడుస్తావా అన్నాడు.

పుల్పిట్టు నా చేత్తోనే చేస్తున్నానన్నా, మిషను ఊరికే సాయానికి అన్నాను.

అమ్మాయి అక్కడే ఉంది. వినింది.

కాఫీ పంచె మీద ఒలికింది. దానమ్మకి ఎన్నిసార్లు చెప్పినా గ్లాసు నిండా పోస్తుంది. అన్న చూశాడు. నేను గ్లాసు కిందపెట్టి బల్ల వంకర అన్నాను.

జూలై 27, శనివారం

పౌలు గారు ఫోను చేశారు. తీగ పైన పెద్ద అక్షరాలతో ఒకే మాట కావాలట. స్తోత్రము. అంతే. ఎంత బాగుంది. నా నోట్లో పొద్దస్తమానం ఉండే మాటే.

మన అమ్మాయి టక టక కొట్టింది. దాని కంప్యూటర్లో బాగానే ఉంది. మిషనులోకి పంపితే విరిగిపోయింది. సకి పొల్లు పెట్టి, పక్కన తో. మళ్ళీ తకి పొల్లు, పక్కన ర. వత్తులు వత్తులుగా ఉండకుండా లేచొచ్చి అక్షరాల పక్కన నిలబడ్డాయి. ఒకటో తరగతి పిల్ల చదువుతున్నట్టు, స్, తోత్, రము.

వేరే అక్షరాలు వేసి చూసింది. అదే వరస. ఇంకో రకం వేసింది. అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలు అయిపోయాయి.

ఫహీం ఫోను ఎత్తడు.

జూలై 28

ఎత్తలేదు.

జూలై 30, మంగళవారం

ఎత్తాడు. ఆ సాఫ్ట్‌వేరుకి తెలుగు వత్తులు తెలియవు బాబాయ్ గారూ, ఇంగ్లీషులో ప్రెయిజ్ అని పెట్టుకోండి, స్టయిలుగా ఉంటుంది అన్నాడు.

రేపల్లె చర్చిలో, మా ముసలమ్మలు కూర్చునే చోట, ప్రెయిజ్. ఏమన్నానో ఇక్కడ రాయను. దానమ్మ తలుపు వేసింది.

ఆగస్టు 1, గురువారం

అమ్మాయికి ఉపాయం తట్టింది, దాని బుర్రే బుర్ర. అక్షరాలు కొట్టొద్దు, కాయితం మీద పెద్దగా రాస్తే ఫోటో తీసి ఆ గీత వెంబడే మిషనుని నడిపిస్తాను అంది. గీత ఎలా ఉంటే అలా పోతుందట. వెంట్రుక వాసి తేడా రాదట.

నువ్వు రాయి నాన్నా అంది. ఒకప్పుడు తెనాలి బజార్లో ఎన్ని కొట్లకి చెక్క బోర్డులు నా అక్షరాలే. దానికి గుర్తుంది.

సంతోషంగా కూర్చున్నా. చార్టు పరిచింది. లావు స్కెచ్ పెన్ను ఇచ్చింది. మొదటిది బాగా రాలేదు, చార్టు గరుకు. రెండోది ఫ్యాను గాలికి కదిలింది. ఫ్యాను ఆపించాను. తర్వాత బల్ల మార్చాను. తర్వాత కింద కూర్చుని రాశాను. చార్టులు అయిపోతే మళ్ళీ తెప్పించాను. చివరికి ఒకటి బాగానే వచ్చింది.

అమ్మాయి దాన్ని చాలాసేపు చూసింది. ఇదేనా నాన్నా అంది. అదే అన్నాను. ఫోటో తీసుకుంది.

ఆగస్టు 3, శనివారం

నేను మొదటినుంచీ అంటూనే ఉన్నా, ఆ మిషను ఊగుతోందని.

పనికిరాని చెక్క మీద అక్షరాలు చెక్కింది. దూరం నుంచి స్తోత్రమే. దగ్గరికెళ్ళి వేలు పెడితే అంచులన్నీ రంపం పళ్ళు. ముకి కొమ్ము పైకి పోతూ పోతూ మూడుచోట్ల వణికింది. ఇంత బరువు ఇనుము కూడా నిలకడగా నిలబడలేకపోతే ఎలా.

కాళ్ళ కింద చెక్కలు కొట్టాను. మిషను ఊగటం లేదు నాన్నా అంది అమ్మాయి. మెల్లగా అంది. నీకు తెలియదు, యాభై ఏళ్ళుగా చెక్క ముట్టుకుంటున్నాను అన్నాను.

ఆగస్టు 4, ఆదివారం

గుడికి వెళ్ళాను. ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళలేదు. ద్రాక్షరసం పోసిచ్చే ఆ గిన్నెలు మరీ చిన్నవి. ఈ నెల కూడా మోకాళ్ళ నొప్పి అని చెప్పాను.

ఆగస్టు 5, సోమవారం

చెక్కలు తీసి సిమెంటు దిమ్మెలు పెట్టించాం. మళ్ళీ చెక్కించాం. అదే వణుకు. విచిత్రం ఏంటంటే సరిగ్గా అవే చోట్ల. కొమ్ములో మూడు, తవత్తు మలుపులో ఒకటి. ఊగే మిషను ప్రతిసారీ అక్కడే ఊగుతుందా?

ఫహీం అమ్మిందే లోపమున్న సరుకు. వాడి సంగతి చూస్తా.

ఆగస్టు 7, బుధవారం

రైలెక్కి బాపట్ల పోయాను. దానమ్మ వద్దంది. అమ్మాయి కూడా స్టేషను దాకా వచ్చి, నాన్నా వెళ్ళమాకు, నేను చెప్తాను విను అంది. వినలేదు. రైలు కదిలింది.

ఫహీం కొట్లో వాళ్ళ నాన్న షుకూర్ గారు కూర్చుని ఉన్నారు. నా కంటే పెద్దాయన. నా అరుపులన్నీ విని, ముందు కూర్చోండి, టీ తాగండి అన్నారు. టీ వద్దన్నాను. ఎండలో వచ్చారు, వద్దంటే ఎలా అన్నారు. వద్దంటే వద్దన్నాను. పాపం ఆయన మీద ఎందుకు అరిచానో.

ఫహీంని వెంటబెట్టుకుని సాయంత్రం బండికి వచ్చాను. దారి పొడుగునా నా మిషను ఊగదు బాబాయ్ గారూ అంటాడు. ఊగుతుందని నేను. నిడుబ్రోలు దాటేసరికి ఇద్దరికీ మాటలు అయిపోయి పల్లీలు తిన్నాం.

ఆగస్టు 8, గురువారం

ఫహీం జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి మిషను బల్ల మీద అంచు మీద నిలబెట్టాడు. మిషను ఆన్ చేశాడు. వంతెన ఇటూ అటూ పరిగెత్తింది. బిళ్ళ పడలేదు.

తర్వాత ఒక గుండ్రం చెక్కించాడు. వేలు పెట్టి చూడండి అన్నాడు. వెన్నలా ఉంది.

మరి నా అక్షరాలు ఎందుకిలా వచ్చాయి అన్నాను.

కంప్యూటర్లో నా చార్టు ఫోటో తెరిచాడు. పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. ము కొమ్ము తెర నిండా వచ్చింది. మూడుచోట్ల.

ఫహీం నోరు తెరిచి, అమ్మాయి వైపు చూసి, మూశాడు. అమ్మాయి నేల చూపులు చూస్తోంది. అతను "ఫోటో కదిలిందేమో బాబాయ్ గారూ" అన్నాడు.

మంచివాడు. అబద్ధం చెప్పటం రాదు.

ఆగస్టు 9

ఇవాళ ఏమీ రాయను.

ఆగస్టు 12, సోమవారం

పెన్ను ముక్కు వంకర కాదు. రాసుకునే నాకు తప్ప ఎవరికీ కనపడదు కదా ఈ పుస్తకం, ఇక్కడైనా రాయాలి. టేకులో ముడి లేదు.

మూడు రోజులు షెడ్డు వైపు పోలేదు. ఇవాళ పోయాను. అమ్మాయి కంప్యూటరు ముందు ఉంది. నా అక్షరాలే తెర మీద. దాని మొహం చూస్తే నిద్ర లేనట్టుంది. ఎప్పటినుంచి తెలుసే నీకు అని అడిగాను.

"జంపని కమ్మీకి పాలిష్ పెట్టటానికి పోయాం చూడు, అప్పటినుంచి నాన్నా."

అది పోయిన ఏడు. అప్పుడు నేను బ్రష్షు బాగాలేదని విసిరేశాను.

అయితే నా చెయ్యి కోసమేనా ఈ మిషను అన్నాను. కాదని అంటుందనుకున్నా. అది నాకు అబద్ధం చెప్పదు.

"సగం దానికోసం. సగం నాకోసం. నాకూ చెక్క పనంటే ఇష్టం కదా, నువ్వెప్పుడూ ఉలి ఇవ్వలేదు."

ఆడపిల్ల చేతులు కోసుకుంటుందని ఇవ్వలేదు. నిజంగానే ఇవ్వలేదు.

వణుకు కంప్యూటర్లో తీసెయ్యొచ్చట, ఒక్క బటన్ను నొక్కితే నున్నగా అయిపోతుందట. తీసి చూపించమన్నాను. తీసింది. నున్నగా అయ్యాయి, సబ్బు ముక్కల్లాగా. బస్సు వెనక అక్షరాల్లా ఉన్నాయి. అవి నావి కావు. అలాగని ఎవరివీ కావు. పోనీ వణుకు ఉంచేస్తాను నాన్నా, నాకు బాగానే ఉంది అంది. వద్దన్నాను. చర్చిలో ప్రతి ఆదివారం నా జబ్బు చూస్తూ కూర్చోవాలా అందరూ.

"నువ్వు రాయి" అన్నాను.

నా రాత నీకు నచ్చదు కదా అంది. నచ్చదు. చిన్నప్పుడు తవత్తు రాస్తే తోక కింది గీత దాటి పోయేది. పలక మీద ఎన్నిసార్లు తుడిపించానో. అమ్మ అని రాసినంత సేపూ బాగానే ఉండేది, అత్త అని రాయమంటే చాలు, తోక జారిపోయేది.

రాయమన్నాను కదా, రాయి అన్నాను.

స్కెచ్ పెన్ను తీసుకుని ఒక్కసారే రాసింది. స కింద తవత్తు. తోక మళ్ళీ అంత పొడుగు. నా నోరు తెరుచుకుంది. మూసుకున్నాను.

ఆగస్టు 14, బుధవారం

చెక్కింది. టేకు మీద. ఎలా ఉందో చెప్పటానికి నాకు చదువు లేదు. స్తోత్రం, స్తోత్రం.

ఆ తోక కిందికి జారి జారి పోయి ద్రాక్షతీగ మొదట్లో కలిసిపోయింది. తీగే పైకి పాకి అక్షరం అయినట్టుంది. ఇది ముందే అనుకుని చేశావా అని అడిగాను. "లేదు నాన్నా, తోక పెద్దదైపోయింది. ఇంకేం చెయ్యను, తీసుకెళ్ళి తీగలో కలిపేశా" అంది.

మనసు ఊరుకోక ఉలి తీసి దానికిచ్చాను, చిన్న ఉలి. నేను ఎగరగొట్టిన ఆ ఆకు అంచు చూపించి, ఇలా పట్టుకుని, చెక్క పోయే దారినే పోనివ్వాలి అని చెప్పాను. నా చెయ్యి దాని చెయ్యి మీద పెట్టలేదు. నోటితోనే చెప్పాను. మొదట తప్పింది. దాని మీదా అరిచాను. ఇంకోసారి పెట్టమన్నాను.

ఆగస్టు 17

వాన. పాలిష్ ఆరటం లేదు. దేవుడా, ఆరనివ్వు.

ఆగస్టు 24, శనివారం

రేపల్లెకి చేర్చాం. భట్టిప్రోలు దగ్గర గుంటలో బండి పడితే నా గుండె ఆగింది, పుల్పిట్టుకి ఏం కాలేదు. పౌలు గారు దుప్పటి తీసి చూసి, ఏం చెయ్యి అండీ మీది, అంద్రెయ గారూ అన్నారు. ఈ వయసులో కూడా అన్నారు. అమ్మాయి పక్కనే బోల్టులు బిగిస్తోంది.

నేనేమీ అనలేదు.

ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

ఆగస్టు 25, ఆదివారం

ఇప్పుడే వచ్చాం. రాయకపోతే నిద్ర పట్టదు.

ప్రతిష్ఠ అయ్యింది. జనం బయట దాకా ఉన్నారు. పాటలు, ప్రార్థన, కొత్త సున్నం వాసన. అయ్యగారు పుల్పిట్టు ఎక్కి నిలబడితే ఆయన పొట్ట కింద స్తోత్రము అని మెరుస్తోంది. తర్వాత పౌలు గారు కృతజ్ఞతలు చదవటం మొదలుపెట్టారు. ఇసుక ఇచ్చినవాళ్ళు, ఫ్యాన్లు ఇచ్చినవాళ్ళు. ఆఖర్న, ఈ పుల్పిట్టును తమ స్వహస్తాలతో చెక్కి ఇచ్చిన తెనాలి అంద్రెయ గారు అన్నారు. చప్పట్లు.

అమ్మాయి కూడా చప్పట్లు కొట్టింది. అది చూశాక కూర్చోలేకపోయాను.

లేచాను. "అయ్యగారూ, ఒక్క మాట అండి. చెక్కింది నేను కాదండి. మా అమ్మాయి స్నేహలత. అక్షరాలూ తనవే. నా చెయ్యి వణుకుతుందండి, సంవత్సరం పైనుంచీ" అన్నాను.

దానమ్మ నా పంచె లాగుతోంది, కూర్చోమని. పౌలు గారు కళ్ళజోడు తీసి, "నా చేత్తో అన్నారు కదండీ మరి?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అడిగారు.

"అదే అబద్ధమైందండి" అన్నాను.

ముందు వరసలో ఒక ముసలావిడ గట్టిగా, అయితే ఆ పిల్లని లేచి నిలబడమనండి, మేం చూడాలా వద్దా అంది. నవ్వులు. అమ్మాయి లేచింది. చప్పట్లు నాకు కొట్టిన వాటికంటే ఎక్కువే. నేను లెక్క చూశానని కాదు, వినపడింది.

తర్వాత బల్ల. వెళ్ళాను. గిన్నె రెండు చేతులతో పట్టుకున్నా కొంచెం ఒలికింది. అయ్యగారు ఇంకొంచెం పోశారు.

అన్నాల దగ్గర పౌలు గారు అమ్మాయి దగ్గరికే వచ్చారు. నా దగ్గరికి కాదు. ముఖద్వారం తలుపులు కూడా మీరే చెయ్యండమ్మా, లోతు ఎంత పెడతారు అని అడిగారు. అమ్మాయి మూడు నూళ్ళండి అంది. నా వైపు చూడకుండానే అంది. షెడ్డుకి తాళం వెయ్యక్కర్లేదు. విజయవాడ పోదు.

ఈ ఆనందం నేనొక్కణ్ణే మొయ్యలేను. రేపు అందరికీ చెప్పాలి. చేసింది స్నేహలత అని చెప్పాలి.

చెప్పాల్సినవాళ్ళు:

జంపనిలో దానమ్మ చెల్లెలు నీరజ. ఆమెకి చెప్తే ఇంక జంపనిలో వేరే ఎవరికీ చెప్పక్కర్లేదు.

వడ్లమూడి కాలేజీ ఆఫీసులో పనిచేసే మేనల్లుడు వినయ్ కుమార్. వాళ్ళ కాలేజీకి బోర్డులు కావాలేమో అడగాలి.

ఏసుబాబు బావ. గట్టిగా చెప్పాలి, చెవుడు. రెండుసార్లు చెప్పాలి.

జెన్నిఫర్‌కి, మనవరాలు. ఫోటో పంపాలి. తోక కనపడేలా తియ్యాలి.

బాపట్ల ఫహీంకి, షుకూర్ గారికి. చుట్టాలు కారు కానీ రాసుకుంటున్నా. ఆయన ఇస్తానన్న టీ తాగి రావాలి.

అన్న చిన్నయ్యకి. ఫోనులో కాదు. కొలకలూరు పోవాలి. పుల్పిట్టు సంగతీ, చెయ్యి సంగతీ రెండూ చెప్పాలి. వదిన కాఫీ ఇస్తుంది కదా, గ్లాసు నిండా పొయ్యమనాలి.